పైరు పచ్చగానే ఉంది, గింజలో ఏముంది?

“భారలోహాల ఒత్తిడి నుంచి పైరుకు రక్షణ” అన్న మాట ఈ మధ్య ఎరువుల డబ్బాల మీదా, పరిశోధన పత్రాల శీర్షికల్లోనూ ఒకేలా కనిపిస్తోంది. జింకు వేస్తే కాడ్మియం తగ్గుతుందంటారు. సిలికాన్ వేస్తే ఆర్సెనిక్ తగ్గుతుందంటారు. గంధకం ఇస్తే మొక్క తట్టుకుంటుందట, సెలీనియం పిచికారీ చేస్తే పాదరసం ఎక్కదట. వీటిలో దేన్నీ నేను అబద్ధం అనను. మొక్కల పోషణ చదువుకుని, కొన్నాళ్లు నేల, గింజ నమూనాలు పరీక్షించే ల్యాబులో పనిచేసినవాణ్ణి కాబట్టి ఇవి నిజం కావడం చూశాను, కాకపోవడమూ చూశాను. నా పేచీ అంతా తగ్గేది ఏమిటన్న దగ్గరే. మొక్క పడే బాధ తగ్గుతోందా, మనిషి తినే గింజలో విషం తగ్గుతోందా? ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడేసుకుంటున్నాం. ఒకటి కావు. ఒక్కోసారి ఒకటి తగ్గితే రెండోది పెరుగుతుంది కూడా.

ముందు మొక్కకు ఏది ప్రమాదం, తినేవాడికి ఏది ప్రమాదం అన్న లెక్క చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన రూఫస్ చేనీ అనే శాస్త్రవేత్త 1980లో ఒక ఆలోచన ముందుకు తెచ్చాడు. నేలకూ తినేవాడికీ మధ్య మొక్కే ఒక అడ్డుగోడ అని. జింకు, రాగి, నికెల్ లాంటివి ఎక్కువైతే ముందు మొక్కే దెబ్బ తింటుంది. ఆకులో జింకు కిలోకు కొన్ని వందల మిల్లీగ్రాములు దాటేసరికి పైరు ఎదుగుదల ఆగిపోతుంది, దిగుబడి పడిపోతుంది. అంటే మనిషికి హాని చేసే మోతాదు వచ్చేలోపే పైరు చేతులెత్తేస్తుంది. సీసం, మూడు విలువల (సంయోజకత మూడు ఉన్న) క్రోమియం లాంటివి నేలలోనో వేరులోనో చిక్కుకుపోతాయి, పైకి పెద్దగా ఎక్కవు. ఈ గోడను దాటేసే దొంగ కాడ్మియం. పైరుకు ఏ ఇబ్బందీ కనిపించని మోతాదులోనే అది గింజలో పరిమితిని మించి చేరగలదు. పాలిష్ బియ్యానికి కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ పెట్టిన పరిమితి కిలోకు 0.4 మిల్లీగ్రాములు, చైనా పెట్టుకున్నది 0.2. ఆ అంకె దాటిన గింజ కాసిన దుబ్బుని చేతిలో పట్టుకుని చూస్తే ఎవరికీ అనుమానం రాదు. పిలకలు బాగుంటాయి, కంకి బాగుంటుంది. కాడ్మియం ఒకసారి మనిషి మూత్రపిండాల్లో చేరాక సగం బయటికి పోవడానికే పది నుంచి ముప్ఫై ఏళ్లు పడుతుంది. కాబట్టి కాడ్మియం విషయంలో “ఒత్తిడి తగ్గింది, పైరు కోలుకుంది” అంటే నాకు సంతోషం కంటే టెన్షనే ఎక్కువ.

ఇంతకీ మొక్కకు అక్కర్లేని లోహం లోపలికెందుకు వస్తుంది? వేరు పొరల్లో పోషకాలను లోపలికి చేరవేసే ప్రోటీన్లుంటాయి. అవి ముఖం పోలిక చూసి గేటు తీసే కాపలాదారుల్లాంటివి. కాడ్మియం అయాను కొలతలో కాల్షియానికి చాలా దగ్గర, రసాయన స్వభావంలో జింకుకు దగ్గర. ఇనుము కోసం ఉన్న గేటులో అది దూరుతుంది, వరిలో అయితే ప్రధానంగా మాంగనీసు గేటులో దూరుతుంది. ఆర్సెనిక్ నీరు నిలవని నేలలో ఆర్సెనేట్ రూపంలో ఉండి ఫాస్ఫేట్ దారిలో వస్తుంది. నీళ్లు నిలిచిన మడిలో ఆర్సెనైట్‌గా మారి సిలికాన్ దారి పడుతుంది. ఆరు విలువల క్రోమియం సల్ఫేట్ వేషంలో వస్తుంది. అంటే ఏ లోహానికీ సొంత దారి లేదు, అన్నీ పోషకాల దారులే. పోషణతో లోహాలను అదుపు చేయడం సాధ్యమయ్యేది ఇందువల్లే. ఇందులో ఉన్న తిరకాసు కూడా ఇదే. మొక్కకు ఆకలైతే గేట్ల సంఖ్య పెంచుకుంటుంది. ఇనుము చాలని మొక్క ఐఆర్‌టీ1 అనే చేరవేత ప్రోటీనును వేర్లలో ఎడాపెడా తయారు చేసుకుంటుంది. అది ఇనుముతో పాటు జింకు, మాంగనీసు, కోబాల్ట్, కాడ్మియం అన్నిటినీ లాగేస్తుంది. కాబట్టి పోషక లోపమున్న పైరు లోహాలకు బాగా తెరిచి ఉన్న పైరు.

జింకు కథ ఇక్కడ అన్నిటికంటే బలమైనది. దక్షిణ ఆస్ట్రేలియాలో జింకు లోపమున్న గోధుమ పొలాల్లో విత్తేటప్పుడు హెక్టారుకు 5 కిలోల దాకా జింకు వేసి చూశారు. గింజలో కాడ్మియం కొన్నిచోట్ల సగానికి పడిపోయింది. ఈ ఫలితాలు 1994లో అచ్చయ్యాయి. ఐదు కిలోలంటే ఏమంత పెద్ద మోతాదు కాదు. ఎటూ దిగుబడి కోసం వేయాల్సిన జింకే అది. ఈ ఉదాహరణ చెప్పినప్పుడల్లా జనం “జింకు వేస్తే కాడ్మియం సగం” అన్న ముక్క మాత్రం గుర్తుపెట్టుకుని, “జింకు లోపమున్న పొలాల్లో” అన్న ముక్క వదిలేస్తారు. లోపం లేని నేలలో మరో ఐదు కిలోలు గుమ్మరిస్తే అంత ఫలితం ఉంటుందన్న భరోసా లేదు. ఆకలి తీర్చడం వల్ల వచ్చిన లాభమది, కడుపు నిండినవాడికి ఇంకా వడ్డిస్తే రాదు.

ఇంకో జంట ఉదాహరణ ఉంది, నా ఆలోచనను మార్చింది అదే. జపాన్‌లో తొయామా ప్రాంతంలోని జింజు నది. ఎగువన కమియోకా గని నుంచి జింకు ఖనిజంతో పాటు వచ్చే కాడ్మియం నదిలో కలిసి, ఆ నీరు వరి మళ్లలోకి పారింది. ఆ బియ్యం తిన్నవాళ్లలో, ముఖ్యంగా వయసు మళ్లిన ఆడవాళ్లలో మూత్రపిండాలు దెబ్బతిని, ఎముకలు గుల్లబారి విరిగిపోయేవి. ఇతాయ్-ఇతాయ్ అనే ఆ జబ్బు కాలుష్యం వల్ల వచ్చిందేనని 1968లో ప్రభుత్వం ఒప్పుకుంది. రెండోది ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో షిపమ్ అనే ఊరు. పాత జింకు గనుల గుట్టల మీదే కట్టిన ఊరది. 1979లో అక్కడి పెరటి నేలల్లో కాడ్మియం కొలిచి అధికారులు హడలిపోయారు. జింజు మళ్లలో కిలో మట్టికి కొద్ది మిల్లీగ్రాములుంటే ఇక్కడ దానికి పదుల రెట్లుంది. ఆ పెరళ్లలో కూరగాయలు పండించుకు తిన్నవాళ్లను ఏళ్ల తరబడి పరీక్షించారు. జింజు లాంటి ఉపద్రవం కనపడలేదు.

ఎందుకని? షిపమ్ నేలలు సున్నపు నేలలు, ఉదజని సూచిక (పీహెచ్, నేల ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) ఎక్కువ, కాడ్మియం కదలకుండా పడి ఉంటుంది. దాని పక్కనే జింకు కూడా భారీగా ఉంది, అది వేరు దగ్గర పోటీకొస్తుంది. పైగా ఆ జనం తిండిలో పెరటి కూర కొంత భాగం మాత్రమే. జింజులో పరిస్థితి తలకిందులు. మడిలో నీరు తీసేశాక కాడ్మియం కరిగి గింజకెక్కింది, జింకు మాత్రం ఆ నిష్పత్తిలో ఎక్కలేదు. పూటపూటా అదే అన్నం తిన్నారు, అందులో ఇనుము, జింకు, కాల్షియం తక్కువ. మట్టిలో మొత్తం ఎంతుందన్న అంకె ఒక్కటే చూసి ఏ నేల ప్రమాదకరమో తేల్చమంటే ఎవరైనా షిపమ్ వైపే చూపిస్తారు. ఆ అంకె చుట్టూ ఉన్న ఉదజని సూచిక, జింకు, నీటి తీరు, పంట, ఇవన్నీ కలిసి ఫలితాన్ని తిరగరాశాయి. పోషణకు ఎంత బలముందో చూపడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. అయితే జింజు మళ్లను చివరికి బాగుచేసింది జింకు సల్ఫేట్ కాదు. పైమట్టి మార్చి కొత్త మట్టి పరిచారు. 1979లో మొదలైన ఆ పని 2012 దాకా సాగింది. పోషణకు ఒక హద్దుంది, అది దాటాక మట్టి తవ్వే పారే దిక్కు.

నత్రజని విషయానికొస్తే కథ అడ్డం తిరుగుతుంది. ల్యాబులో ఒక కుండీ ప్రయోగం గింజలు మా బల్ల మీదికి వచ్చాయి. కుండీలన్నిటిలో ఒకే మట్టి, కాస్త కాడ్మియం ఉన్నదే. కొన్నిటికి నత్రజని లేదు, కొన్నిటికి అమ్మోనియం సల్ఫేట్. కోతకు ముందు ఆ కుండీలు చూసిన ఎవరైనా రెండో వరుసకే మార్కులు వేస్తారు. మొదటి వరుసలో ఆకులు పాలిపోయి సన్నగా ఉన్నాయి, రెండో వరుసలో ముదురాకుపచ్చ, వెడల్పాటి ఆకులు, బరువైన కంకులు. గింజను ఎండబెట్టి, పొడిచేసి, నైట్రిక్ ఆమ్లం పోసి వేడిచేస్తే ముందు గోధుమ రంగు పొగలొస్తాయి. ఆ పొగలు ఆగి ద్రావణం తేటపడ్డాక చల్లార్చి, వడకట్టి, కొలత గీత దాకా నీళ్లు పోసి యంత్రానికి ఇస్తాం. సన్న గొట్టం ఆ చుక్కను పీల్చుకుంటుంది, తెర మీద అంకె వస్తుంది. పచ్చటి కుండీల గింజల్లోనే కాడ్మియం ఎక్కువ వచ్చింది. ప్రామాణిక ద్రావణాలు మళ్లీ పెట్టి చూశాం, అంకె మారలేదు.

కారణం వెతకడానికి పెద్ద కష్టపడనక్కర్లేదు. అమ్మోనియంను తీసుకునే వేరు బదులుగా హైడ్రోజన్ అయానులను బయటికి వదులుతుంది. నేలలో అమ్మోనియం నైట్రేట్‌గా మారేటప్పుడూ ఆమ్లం పుడుతుంది. వేరు చుట్టూ ఉదజని సూచిక పడిపోతే మట్టికి అతుక్కున్న కాడ్మియం నీటిలోకి వచ్చేస్తుంది. నైట్రేట్ రూపంలో ఇస్తే వేరు చుట్టూ ఉదజని సూచిక కాస్త పెరుగుతుంది. మరి వరి మళ్లకు నైట్రేట్ పనికిరాదు, నిలవ నీటిలో అది వాయువుగా మారి ఎగిరిపోతుంది. ఒకే పోషకం, రెండు రూపాలు, రెండు ఫలితాలు. “సమతుల నత్రజని లోహ ఒత్తిడిని తగ్గిస్తుంది” అని ఎక్కడైనా చదివితే, ఏ రూపంలో అని అడగండి.

పొటాష్‌లోనూ ఇదే తంతు. ఎక్కువగా వాడేది మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, అంటే పొటాషియం క్లోరైడ్. ఆ క్లోరైడ్ కాడ్మియంతో జతకట్టి, మట్టి కణాలకు అతుక్కోని కరిగే రూపాన్ని తయారుచేస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాలోనే బంగాళాదుంప పొలాల్లో దుంపలోని కాడ్మియంకు, మట్టిలోని కాడ్మియం కంటే క్లోరైడ్‌తో దగ్గరి సంబంధం కనపడింది. ఆ క్లోరైడ్ వచ్చింది ఉప్పు కలిసిన సాగునీటి నుంచి. కాడ్మియం బెడద ఉన్నచోట సల్ఫేట్ రూపంలో పొటాష్ వాడమనడానికి ఇదే కారణం. ఉప్పునీటి బోరు పక్కనే పెట్టుకుని సంచి మార్చినంత మాత్రాన పెద్ద ఒరిగేదేమీ లేదనుకోండి.

ఇక గంధకం. మొక్క లోపల జరిగే రక్షణ పనిలో దీన్ని మించింది లేదు. 1985లో జర్మనీలో గ్రిల్, విన్నాకర్, జెంక్ అనే ముగ్గురు కాడ్మియం ఇచ్చిన మొక్క కణాల్లోంచి చిన్న పెప్టైడ్‌లను వేరుచేసి, వాటికి ఫైటోకెలాటిన్లని పేరు పెట్టారు. ఆ కణాలు ఏ మొక్కవో తెలుసా? మన సర్పగంధవే. గ్లూటామిక్ ఆమ్లం, సిస్టీన్ జంటలు వరసగా ఉండి చివర గ్లైసీన్ తగిలించిన గొలుసులివి. సిస్టీన్‌లోని గంధకం కాడ్మియంను పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని మొక్క కణంలోని రిక్తికలోకి, అంటే సంచి లాంటి గదిలోకి తోసి తలుపేస్తుంది. వీటికి ముడిసరుకు గ్లూటథయోన్, దానికి కావలసింది గంధకం, నత్రజని. గంధకం చాలని పైరుకు ఈ గొలుసులు తయారుచేసుకునే శక్తి ఉండదు. దీనికి తోడు లోహాల వల్ల కణాల్లో పుట్టే ఆక్సీకరణ విషాలను అణిచే ఎంజైములకు కూడా పోషకాలే కావాలి. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌కు రాగి, జింకు లేదా మాంగనీసు, కాటలేజ్‌కు ఇనుము. పత్రహరితం మధ్యలోని మెగ్నీషియంను కూడా లోహాలు పక్కకు నెట్టి కూర్చోగలవు, ఆకు పాలిపోవడానికి అదొక కారణం.

ఇదంతా అద్భుతమైన యంత్రాంగం, సందేహం లేదు. కానీ ఇక్కడ కాడ్మియం బయటికి పోలేదు, మొక్కలోనే ఒక గదిలో పెట్టి తాళం వేశారు. ఆ గది ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. వేరు కణాల్లో ఉంటే మనకు మేలు, ఎందుకంటే వరి వేరు మనం తినం. ఆకులో ఉంటే ఆకుకూర తినేవాడి సంగతి? పాలకూర గంధకంతో పుష్టిగా, కాడ్మియంను రిక్తికల్లో చక్కగా దాచుకుని నిగనిగలాడుతుంటే పాలకూరకు సుఖం, తినేవాడికి కాదు. వరిలో ఓఎస్‌హెచ్ఎంఏ3 అనే ప్రోటీను వేరు రిక్తికల్లోకి కాడ్మియంను పంపుతుంది. ఇది సరిగా పనిచేయని రకాల్లో కాడ్మియం పైకెక్కేస్తుంది. డ్యూరమ్ గోధుమలో కూడా గింజలో కాడ్మియం ఎక్కువ తక్కువలకు ఈ కుటుంబపు జన్యువే కారణమని తేలింది. అందుకే నాకు కొన్నిసార్లు అనిపిస్తుంది, పది సంచుల సూక్ష్మపోషకాల కంటే సరైన విత్తనం ఎక్కువ పనిచేస్తుందని. జపాన్‌లో కోషిహికారి వరి విత్తనాల మీద కార్బన్ అయాన్ల కిరణాలు పంపి, మాంగనీసు గేటు పాడైన మ్యూటెంట్లను, అంటే జన్యువు మారిన మొక్కలను ఎంపిక చేశారు. కలుషిత మళ్లలో పండించినా వాటి గింజలో కాడ్మియం నామమాత్రమే. అయితే ఆ గేటు మూసుకుపోయిన మొక్కకు మాంగనీసూ తక్కువే అందుతుంది, మాంగనీసు కొరత ఉన్న నేలలో ఇబ్బంది పడుతుంది. తిరిగి తిరిగి పోషణ దగ్గరికే వచ్చాం.

వరి, ఆర్సెనిక్, కాడ్మియం ఈ మూడింటి మధ్య నడిచే తగాదా ఈ సబ్జెక్టులోకెల్లా చిక్కైనది, నాకు ఇష్టమైనదీ. నీళ్లు నిలిచిన మడిలోంచి ఒక వరి దుబ్బును పీకి, వేళ్లు కడిగి చూడండి. ముదురు వేళ్ల మీద ఇటుక రంగు తుప్పు పూత ఉంటుంది, కొసలు మాత్రం తెల్లగా ఉంటాయి. గాలిగదుల గుండా పైనుంచి దిగిన ఆక్సిజన్ వేరులోంచి బయటికి కారుతుంది, చుట్టూ కరిగి ఉన్న ఇనుము దానితో కలిసి తుప్పుగా పేరుకుంటుంది. ఈ పూత ఆర్సెనిక్‌ను బాగా పట్టుకుంటుంది. పూత లేని తెల్ల కొసలే ఎక్కువగా పీల్చే చోట్లు, కాబట్టి ఇది పూర్తి కవచం కాదు. మడిలో ఆక్సిజన్ అయిపోయాక నేలలోని ఇనుము ఆక్సైడులు కరిగి, వాటికి అతుక్కున్న ఆర్సెనిక్ ఆర్సెనైట్‌గా నీటిలోకి వస్తుంది. ఆర్సెనైట్ అణువుకు విద్యుదావేశం లేదు, సిలిసిక్ ఆమ్లానికీ లేదు, పరిమాణమూ దగ్గరదగ్గరే. జపాన్‌లో జియాన్ ఫెంగ్ మా బృందం 2006లో, 2007లో వరి వేళ్లలో ఎల్‌ఎస్‌ఐ1, ఎల్‌ఎస్‌ఐ2 అనే సిలికాన్ చేరవేత ప్రోటీన్లను గుర్తించింది. ఆర్సెనైట్ కూడా వాటి గుండానే పోతోందని 2008లో తేలింది. వరి ఎండు బరువులో పది శాతం దాకా సిలికాన్‌ను ఎక్కించుకోగల పంట. ఆర్సెనిక్‌కు వరి అంత తేలిగ్గా దొరికిపోవడానికి కారణం ఈ సిలికాన్ దాహమే.

కాబట్టి సిలికాన్ ఇవ్వడం అర్థమున్న పని. పోటీ పెరిగి ఆర్సెనైట్ తగ్గుతుంది, పైగా నేలలో అందుబాటులో సిలికాన్ పెరిగితే వేరు ఆ ప్రోటీన్ల తయారీనే తగ్గించుకుంటుంది. ఊక, ఊక బూడిద, కాల్షియం సిలికేట్ ఇవన్నీ వనరులే. గడ్డిని పచ్చిగానే మడిలో దున్నేస్తే మాత్రం సేంద్రియ పదార్థం కుళ్లి ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది, ఆర్సెనిక్ ఇంకా కరుగుతుంది. ఆ గడ్డిలోనూ ఆర్సెనిక్ ఉంటుందాయె.

ఇంత చెప్పాక నీటి సంగతి. మడి నీళ్లలో మునిగి ఉంటే సల్ఫేట్ సల్ఫైడ్‌గా మారి కాడ్మియంను కరగని రూపంలో కట్టేస్తుంది, ఆర్సెనిక్ మాత్రం విడుదలవుతుంది. మడిని ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గుతుంది, కాడ్మియం లేస్తుంది. కాడ్మియం ఉన్న జపాన్ మళ్లలో కంకి వేయడానికి మూడు వారాల ముందు నుంచి మూడు వారాల తర్వాత దాకా నీరు నిలపమని సలహా ఇస్తారు. ఆర్సెనిక్ ఉన్న బంగ్లాదేశ్ మళ్లకు తడి, ఆరు మార్చి మార్చి పెట్టమంటారు. ఒకరి సలహా ఇంకొకరికి విషం. ఇలాంటి చోట “భారలోహాల నివారణ ప్యాకేజీ” అని ఒక డబ్బా చేతికిచ్చేవాడు రెండింట్లో దేని గురించి మాట్లాడుతున్నాడో అతనికే తెలియకపోవచ్చు.

భాస్వరం విషయంలో ప్రయోగశాలకూ పొలానికీ ఉన్న తేడా బాగా తెలుస్తుంది. పోషక ద్రావణంలో పెంచిన మొక్కకు ఫాస్ఫేట్ పెంచితే ఆర్సెనేట్ తక్కువగా ఎక్కుతుంది, ఎందుకంటే గేటు ఒకటే. అదే ఫాస్ఫేట్‌ను నేలలో వేస్తే, మట్టి కణాలను పట్టుకుని కూర్చున్న ఆర్సెనేట్‌ను నెట్టి తాను కూర్చుంటుంది. నెట్టేసిన ఆర్సెనేట్ నీటిలోకి, అక్కణ్నుంచి వేరులోకి. ఏది గెలుస్తుందో నేలను బట్టి ఉంటుంది. సీసం దగ్గర మాత్రం భాస్వరం నికరంగా ఉపయోగపడుతుంది. రెండూ కలిసి పైరోమార్ఫైట్ అనే దాదాపు కరగని ఖనిజంగా మారతాయి. కానీ సీసం ఎటూ వేరు దాటి పైకి ఎక్కేది తక్కువ. ఆకుకూరల్లో కనపడే సీసంలో చాలా భాగం పైన పడ్డ దుమ్ము, అంటుకున్న మట్టే. దానికి పోషణ కంటే కడగడం మంచి మందు. ఆరు విలువల క్రోమియంకు సేంద్రియ ఎరువు మేలు, దాన్ని మూడు విలువలకు దింపి కదలకుండా చేస్తుంది. పాదరసం మీద సెలీనియం పనిచేస్తుంది కానీ సెలీనియంలో చాలినదానికీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. చైనాలోని ఎన్షీలో సెలీనియం ఎక్కువై జనం జుట్టు, గోళ్లు ఊడిపోయిన చరిత్ర ఉంది. కొలత లేకుండా ముట్టుకోకూడని మందు ఇది.

సున్నం గురించి ఒక్క మాట. ఆమ్ల నేలల్లో కాడ్మియంను కట్టడి చేయడానికి సున్నాన్ని మించిన చవక సాధనం లేదు, నేనైతే మొదట అదే చెబుతాను. కానీ ఉదజని సూచిక మరీ పైకి పోతే జింకు, ఇనుము, మాంగనీసు కూడా అందకుండా పోతాయి. అప్పుడు ఆకలేసిన వేరు గేట్లు తెరుస్తుంది. అందుకే సున్నం వేసిన తర్వాత జింకు సంగతి చూసుకోకపోతే సగం పని చేసినట్టే. ఆర్సెనిక్ ఉన్నచోట సున్నంతో తొందరపడకూడదు, ఉదజని సూచిక పెరిగితే ఆర్సెనేట్‌కు మట్టి మీద పట్టు సడలుతుంది.

పరిశోధనల మీదా నాకో ఫిర్యాదుంది. “ఫలానా పోషకం కాడ్మియం ఒత్తిడిని తగ్గించింది” అనే పత్రాల్లో చాలావాటిలో మొక్కను 50, 100 మైక్రోమోలార్ కాడ్మియం ద్రావణంలో కొద్ది రోజులు పెంచుతారు. 100 మైక్రోమోలార్ అంటే లీటరుకు 11 మిల్లీగ్రాములు. కలుషిత పొలంలో కూడా నేల నీటిలో ఉండేది సాధారణంగా మైక్రోగ్రాముల లెక్కలోనే. అంత విషంలో మొక్క విలవిల్లాడుతుంటే ఏ పోషకం ఇచ్చినా కాస్త తేరుకుంటుంది. ఎంజైముల గ్రాఫులు అందంగా వస్తాయి. గింజ పట్టేదాకా ఎవరూ ఆగరు. మొక్క యంత్రాంగం అర్థం కావడానికి ఇవి పనికొస్తాయి, కాదనను. పొలానికి సిఫారసు రాయడానికి చాలవు.

ఇంకా ఇబ్బందైన విషయం, ఎరువే లోహాన్ని మోసుకురావచ్చు. సముద్ర అవక్షేపాల్లో ఏర్పడిన ఫాస్ఫేట్ రాతిలో కాడ్మియం సహజంగానే ఉంటుంది, అగ్నిశిలల నుంచి తీసినదాంట్లో తక్కువ. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన ఎరువుల నియమం 2022 జూలై నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఫాస్ఫేట్ ఎరువులో ప్రతి కిలో భాస్వర పెంటాక్సైడ్‌కు (ఎరువులో భాస్వరాన్ని లెక్కగట్టే రూపమిది) కాడ్మియం 60 మిల్లీగ్రాములు దాటకూడదు. హెక్టారుకు ఏటా 50 కిలోల భాస్వర పెంటాక్సైడ్ వేస్తే గరిష్ఠంగా 3 గ్రాముల కాడ్మియం చేరుతుంది. హెక్టారు పైమట్టి రెండువేల టన్నులనుకుంటే కిలో మట్టికి 0.0015 మిల్లీగ్రాములు. ఏమీ కాదనిపిస్తుంది. నూరేళ్లకు 0.15 అవుతుంది, పంటతో పోయేది, కొట్టుకుపోయేది తీసేయకపోతే. మామూలు నేలల్లో ఉండే మొత్తంతో పోలిస్తే అది చిన్న చేర్పు కాదు. అదే రీతిలో, పారిశ్రామిక వ్యర్థాల నుంచి తీసిన జింకు ఎరువులో కాడ్మియం, సీసం కలిసి ఉండొచ్చు. కాడ్మియం తగ్గించడానికని వేసిన జింకు సంచిలోనే కాడ్మియం ఉంటే ఎవరికి చెప్పుకోవాలి? జింకు ఎరువు కొనేటప్పుడు జింకు శాతంతో పాటు ఈ రెంటి శాతమూ అడగడం చాదస్తం కాదు.

మరి ఏం చేయమంటావని అడుగుతారు. ముందు లోహం పేరు తెలియాలి. మట్టిలో మొత్తం ఎంతుందన్నదే కాకుండా, ఉదజని సూచిక, మొక్కకు అందే జింకు, సాగునీటిలో క్లోరైడ్ చూడాలి. కాడ్మియం అయితే ఆమ్ల నేలకు సున్నం, లోపముంటే జింకు, పొటాష్‌ను సల్ఫేట్ రూపంలో, వరి అయితే కంకి దశలో నీరు. ఆర్సెనిక్ అయితే సిలికాన్, ఆరుతడి, భాస్వరం ఆచితూచి. రెండూ ఉన్నాయంటే నీటితో ఆడే ఆట కుదరదు, అక్కడ కాడ్మియం తక్కువ ఎక్కే రకం వేసి, నీటిని ఆర్సెనిక్ కోసం ఆరబెట్టడం నాకు తోచే దారి. మరీ ఎక్కువ కలుషితమైతే తిండి పంట మానేయడం.

ఆ తర్వాత గింజను పరీక్షకు పంపాలి, ఆకును కాదు. అదే పొలంలో ఆ ఎరువు వేయని చిన్న మడి ఒకటి వదిలి, అదే రకం, అదే నీరు పెట్టి, రెండు చోట్ల గింజలూ పంపితేనే తేడా దేనివల్లో తెలుస్తుంది. పొట్టు తీయడానికీ పొడి చేయడానికీ వాడే యంత్రం రెండు నమూనాలకూ ఒకటే అయ్యుండాలి, మధ్యలో శుభ్రం చేయాలి. లేదంటే కొలిచేది యంత్రం రాల్చిన లోహాన్నే కావచ్చు. ఒక్క పంటతో తీర్పు ఇవ్వొద్దు. వానలు బాగా పడిన ఏడు మడి ఎక్కువ రోజులు నీళ్లలో ఉంటుంది, కాడ్మియం దానంతటదే దిగుతుంది, ఆ ఘనత కాస్తా ఎరువు డబ్బా కొట్టేస్తుంది.